గాజు గోడ ఎక్కిన నక్షత్ర చేప

వకుళ ఇంట్లో ఉప్పునీళ్ళ గాజుతొట్టె ఒకటి ఉండేది. అందులో ఒక చారల చేప, ఒక రొయ్య, ఒక నక్షత్ర చేప కలిసి బతుకుతుండేవి. ఆ ఏడు ఎండలు ముదిరాయి. తొట్టెలో నీళ్ళు రోజూ కొంచెం ఇగిరిపోతుంటే, మిగిలిన వాటిలో ఉప్పు ఎక్కువైపోయింది.

అది ముందుగా నక్షత్ర చేపకి తెలిసింది. ఒళ్ళంతా మంట. ఇసుకలో దూరింది, రాయి ఎక్కింది, మళ్ళీ దిగింది. ఎక్కడా నిలవలేకపోయింది.

"కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు? నీళ్ళు తేటగానే ఉన్నాయిగా!" అని చారల చేప విసుక్కుంది.

"తేటగానే ఉన్నాయి. కానీ ఇవి నిన్నటి నీళ్ళు కావు" అంది నక్షత్ర చేప.

రొయ్యకీ మీసాలు చురచురమంటున్నాయి. అయినా ఎగతాళికి జడిసి అది రాయి చాటునే ఉండిపోయింది.

నక్షత్ర చేప గాజు గోడ పట్టుకుని పైకి పాకింది. ఒక చేయి కొస అప్పటికే తెల్లబడి మెత్తబడుతోంది. వకుళ కళ్ళ ఎత్తుకి చేరేదాకా అది ఆగలేదు.

మేత వేయడానికి వచ్చిన వకుళ కంగారుపడింది. "అయ్యో, ఏమయిందే నీకు?" అంటూ ఉప్పు కొలిచి చూసింది. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, శుద్ధమైన మంచినీళ్ళు చుక్కచుక్కగా కలిపింది.

నీళ్ళు కుదుటపడ్డాయి. నక్షత్ర చేపకి ఆ చేయి కొస మాత్రం ఊడిపోయింది.

రొయ్య మెల్లగా దగ్గరికొచ్చింది. "నాకూ తెలిసిందక్కా. నోరు మెదపలేదు" అంది.

"ఈసారి నువ్వూ తిరుగు. ఒక్కదాన్నే తిరిగితే పిచ్చంటారు. ఇద్దరం తిరిగితే నీళ్ళ సంగతి చూస్తారు" అంది నక్షత్ర చేప.