జడ్జిగారి మాట

“జడ్జిగారు ఊఁ అంటేనే పెళ్లి. కాదంటే మళ్లీ ఆ ఊసెత్తకండి,” అంది లైబ్రరీ ఆవిడ.

కళ్లద్దాల దుకాణం ఆయన తన అద్దాలు సర్దుకున్నాడు.

“అంత కచ్చితంగానా?”

“వారిని నొప్పించి నేను సుఖపడలేనండీ. ఇన్నాళ్లూ ఒకరికొకరం తోడుగా బతికాం. మా ఇంట్లో ఆఖరి మాట వారిదే.”

జడ్జిగారిని ఆయన ఒక్కసారే చూశాడు. పుస్తకాన్ని ముక్కుకి ఆనించి చదువుతున్నారని, చెయ్యి పట్టుకుని ఆమే దుకాణానికి తీసుకొచ్చింది. గోడ మీది పటంలో అక్షరాలు చదవమంటే జడ్జిగారు పైనుంచి కిందిదాకా చూసి, “ఇన్ని అక్షరాలు పెట్టారు, ఒక్క మాటా రాలేదేం?” అని నిలదీశారు. ఆమె పకపకా నవ్వింది. భార్య పోయినప్పటినుంచి ఆ దుకాణంలో అంత పెద్ద నవ్వు వినపడలేదు. ఆ నవ్వుకే పడిపోయాడాయన.

జడ్జిగారికి ఇంగ్లీషు మాటల పిచ్చి. మామూలు మాటలు కాదు. ఎవరూ వాడనివి, పలికితే నాలుక మడత పడేవి. ఇదివరకు వచ్చిన ఒక సంబంధాన్ని ఒకే ఒక్క మాటతో తిప్పి పంపేశారు. ఆ మాటకి అర్థమేమిటో ఆ వచ్చినాయనకి ఇప్పటికీ తెలియదు. డిక్షనరీలో చూద్దామన్నా ముందు స్పెల్లింగు తెలియాలి కదా!

“ఇంకేమైనా జాగ్రత్తలు తీసుకోవాలా?” అని ఆమెని అడిగాడు కళ్లద్దాలాయన.

“మధ్యాహ్నం ఓ కునుకు తీస్తారు. అది చాలకపోతే ఇల్లు పీకి పందిరేస్తారు. తీపి పట్టుకురాకండి, డాక్టరు వద్దన్నాడు. ముందుపళ్లు ఊడాయి కదా, ఆ సంగతెత్తితే మొహం మాడ్చుకుంటారు.”

ఆయన కాలేజీలో చదివిన ఇంగ్లీషు ఎప్పుడో అరిగిపోయింది. లావుపాటి డిక్షనరీ ఒకటి కొన్నాడు. బేరం లేనప్పుడల్లా బట్టీ. అద్దాలు తుడుస్తూ బట్టీ. పక్క దుకాణంలోంచి టైలరు తొంగిచూశాడు.

“ఈ వయసులో పరీక్షలేమిటి బావా?”

“పెళ్లి కోసం.”

“పెళ్లికి ఇంగ్లీషు దేనికి? పెళ్లయ్యాక ఏ భాషలో చెప్పినా మన మాట వినరు!”

ఆయన వినిపించుకోలేదు. చూపు పరీక్షించే పటం మీదే కొత్త మాటలు రాసి తగిలించాడు. కళ్లు చూపించుకోవడానికి వచ్చిన మామ్మగారు మొదటి వరుస దగ్గరే ఆగిపోయింది. “చూపుతోపాటు ఇంగ్లీషు కూడా పోయింది నాయనా నాకు!” అని లబోదిబోమంది.

పటం మార్చేశాడు గానీ ఉత్సాహం ఆగలేదు. లైబ్రరీ మెట్ల మీద ఆమెతో అననే అన్నాడు.

“మీ పల్క్రిట్యూడ్ చూస్తే మతి పోతోందండీ.”

“ఏమిటా తిట్టు?”

“తిట్టు కాదండీ, అందం!”

“అందానికి అంత వికారమైన పేరా? పెట్టినవాడికి ముందు మీరు కళ్లద్దాలు ఇప్పించండి.”

ఆదివారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్లింటికి వెళ్లాడు. ఆమె తలుపు తీసి, “కునుకు బాగానే పట్టింది. మీ అదృష్టం,” అని గుసగుసగా చెప్పి వంటగదిలోకి తప్పుకుంది.

జడ్జిగారు కిటికీ పక్కన పెద్ద కుర్చీలో కూర్చుని ఉన్నారు. కొత్త కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. పాలు తాగిన గ్లాసు పక్కనే ఉంది.

“కూర్చోండి. డిఫెనెస్ట్రేషన్ అంటే?”

ఊడిన పళ్ల సందులోంచి ఆ మాట ఈల వేసుకుంటూ వచ్చింది.

“మనిషిని కిటికీలోంచి బయటికి విసిరెయ్యడమండీ,” అన్నాడాయన. అని, కిటికీకేసి చూసి, తన కుర్చీ కాస్త ఇవతలికి జరుపుకున్నాడు.

జడ్జిగారి పెదవి కొస కొంచెం కదిలింది.

“స్టెర్నుటేషన్?”

“నక్షత్రాలు లెక్కపెట్టడమా అండీ?”

“తుమ్ము.”

“అయ్యో.”

భయంతో పొద్దుటినుంచీ ఏమీ తినలేదేమో, ఆయన కడుపు ఉన్నట్టుండి గుర్రుమని మూలిగింది.

“బోర్బోరిగ్మస్!” అని కేక పెట్టాడాయన, సంతలో తప్పిపోయిన చుట్టం కనపడినట్టు. “కడుపులో గుడగుడ! ఇది నాకు వచ్చండీ! ఇదిగో, ఇక్కడే ఉందండీ!”

జడ్జిగారు పళ్లు లేవన్న సంగతి కూడా మరిచిపోయి విరగబడి నవ్వారు. కళ్లద్దాలు ఒళ్లో పడ్డాయి. తీసి పెట్టుకుని, గొంతు సవరించుకున్నారు.

“ఇది ఆఖరిది. టాటర్‌డెమేలియన్?”

ఆయన వెతుక్కున్నాడు. ఎక్కడా లేదు. ఏదో ఒకటి అనేస్తే సగం మార్కులైనా వస్తాయేమో. జడ్జిగారు కాదంటే ఆమె దక్కదు. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“ఇది రాదండీ,” అన్నాడు. “మీరే నేర్పాలి.”

జడ్జిగారు ఆయన్ని తేరిపార చూశారు. ఆ ఇంటికి వచ్చినవాళ్లంతా ఇన్నాళ్లూ తెలియకపోయినా తలూపినవాళ్లే. నేర్పమన్నవాళ్లు ఒక్కరూ లేరు.

“చింపిరి గుడ్డల మనిషి. రోజుకి ఒకటే చెప్తాను. తప్పితే మళ్లీ మొదటినుంచి.”

“అలాగేనండీ.”

“సాయంత్రం వచ్చి వెళ్లిపోతానంటే కుదరదు. నాకు పడుకున్నాక కూడా మాటలు గుర్తొస్తాయి.”

“ఎప్పుడు లేపినా లేస్తానండీ.”

జడ్జిగారు కుర్చీలోంచి ఒక్క గెంతు కిందికి దూకి, వంటగదిలోకి పరుగెత్తి, “అమ్మా, ఈ నాన్నని ఉంచేసుకుందాం!” అన్నారు.