హాలు కూల్చిన మిహాలిస్ కొడుకు

"పలుగు పెట్టకు నాయనా. స్క్రూలు విప్పు. కిందిది ముందు."

గ్రీసులోని పెరామా షిప్‌యార్డు గేటు దగ్గర ఆ మాటన్న ముసలాయనకు డెబ్బై అయిదు పైమాటే. చంకలో పిండిసంచి గుడ్డతో చుట్టిన పొట్లం ఒకటి.

మేస్త్రీ స్తమాతిస్ విసుక్కున్నాడు. ఈయన రావడం వరసగా ఇది మూడో రోజు.

రేవులోకి పాత ఓడ వచ్చిందంటే చాలు, ఇలాంటివాళ్ళు బెల్లం చుట్టూ ఈగల్లా ముసురుతారు. ఒకడికి గుర్తుగా తలుపు పిడి కావాలి. ఒకామెకు తను మొగుణ్ణి తొలిసారి చూసినప్పుడు కూర్చున్న కుర్చీ కావాలి.

"నీకేం కావాలి తాతా? కుర్చీయా, కిటికీయా?"

"ఏమీ వద్దు. పెద్ద హాలు గోడ విప్పేటప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకో. అంతే."

"నిలబడి ఏం చేస్తావు?"

"చూస్తావుగా."

గేటు కాపలా థొమాస్ పకపకా నవ్వాడు. "పోయినవారం ఒకాయన బాయిలర్ కింద బంగారం ఉందన్నాడు మేస్త్రీ. ఈయన ఇంకా నయం."

స్తమాతిస్‌కు నవ్వు రాలేదు. ఇప్పుడు రేవులో ఉన్న 'ఎవాంథియా' అతనికి పది ఓడల్లో ఒక ఓడ కాదు.

1953లో ఆ ఓడ పెద్ద హాలు గోడలన్నీ అక్రోటు చెక్క. అందులో ఆలివ్ చెక్క పొదిగి కౌజుపిట్టలు, దానిమ్మ కొమ్మలు దిద్దారు. డెబ్బై రెండులో కొత్త యజమానికి అవి మోటుగా కనిపించాయి. నారింజరంగు సన్‌మైకా వేయించాడు. ఎనభైల్లో వచ్చినవాడు దానిమీద అద్దాలు బిగించి జూదం బల్లలు పరిచాడు. ఇప్పుడు, తొంభై నాలుగులో, నాలుగో యజమానికి మళ్ళీ మొదటి హాలే కావాలట. చూసి చేయడానికి ఉన్నది ఒకే ఒక్క నలుపు తెలుపు ఫొటో.

ఆ పని కోసం స్తమాతిస్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. కొత్తగా చేయించినా సరే, ఆ పిట్టలు మళ్ళీ గోడెక్కాలి. తన ఇంటిమీది మచ్చ పోవాలి.

"తాతా, పొద్దుపోకపోతే పోయి కాఫీ తాగు. ఆ గోడల్లో ఏమీ లేదు. ఉన్నదంతా మా నాన్న డెబ్బై రెండులోనే పగలగొట్టాడు."

ముసలాయన తలెత్తాడు. "ఎవరు మీ నాన్న?"

"మిహాలిస్. హాలు కూల్చిన మిహాలిస్ ఎవరని అడుగు, పెరామాలో పసిపిల్లలు కూడా చెబుతారు. బడిలో నన్నూ అలాగే ఏడిపించేవాళ్ళు. ఎందుకు చేశావని ఇంటికొచ్చి అడిగితే ఉలకడు, పలకడు. చచ్చేదాకా అంతే."

"ఆ మాట నువ్వనకూడదు నాయనా."

"నేను కాకపోతే ఎవరంటారు?"

ముసలాయన చంకలో పొట్లాన్ని సర్దుకున్నాడు.

"ఓడలవాళ్ళను కాచే సెయింట్ నికోలస్ పటం ముందు ఒట్టు పెట్టుకున్నాను," అన్నాడు. "గోడ విప్పేదాకా నేను నోరు విప్పకూడదు."

"చూశావా థొమాస్, ఈయనకో ఒట్టు కూడా ఉందట!"

"విప్పేది రేపేగా?" అన్నాడు ముసలాయన.

"రేపే. ఎనిమిదింటికి రా తాతా."

వదిలించుకోవడానికి అన్న మాట అది. ఈయన వస్తే లోపలికి పంపమని థొమాస్‌తో చెప్పనే లేదు.

మర్నాడు ఏడింటికే పని మొదలైంది. అద్దాలు దిగాయి. ఎలాగూ కొత్త గోడలు పెట్టేదే, పాతవాటిమీద జాలెందుకని ఆరుగురు మనుషులు సన్‌మైకా పలకల సందుల్లో పలుగులు దూర్చి సమ్మెటలతో బాదారు. పది గంటలకల్లా మూల ఒక్క పలక తప్ప హాలంతా విరిగి పడింది.

చెత్త పక్కకు తోస్తుంటే స్తమాతిస్ కాలికేదో తగిలింది.

బొటనవేలంత చెక్కముక్క. దానిమీద కౌజుపిట్ట కాలు.

పక్కనే ఇంకొకటి. దానిమ్మపండులో సగం.

"ఆపండి! చేతులాపండ్రా!"

"ఇవెక్కడివి మేస్త్రీ? పాత గోడ ఎప్పుడో పోయిందన్నావుగా?"

స్తమాతిస్ ఆ చెత్తలో కూలబడి రెండు చేతులా కెలికాడు. అన్నీ ముక్కలే. ఏ పిట్టకూ తల లేదు.

లేచి గేటుకు పరుగెత్తాడు.

"ఆ ముసలాయనేడీ?"

"ఆరింటికే వచ్చాడు. మీరేం చెప్పలేదుగా, నేను ఆపేశాను," అన్నాడు థొమాస్. "లోపల సమ్మెట దెబ్బ వినబడగానే లేచి నిలబడ్డాడు. పంపమని బతిమాలాడు. తర్వాత ఆ దెబ్బలు వింటూ ఉండిపోయాడు. ఈ పొట్లం మీకిమ్మని నా చేతిలో పెట్టి, కాసోస్ దీవికి పడవ టైమైందని వెళ్ళిపోయాడు."

"పేరేమిటన్నాడు?"

"మీరు అడగలేదు. నేనూ అడగలేదు."

పిండిసంచి గుడ్డలో పాత స్క్రూడ్రైవర్ ఉంది. చెక్క పిడి చేతిచెమటకు నల్లబడింది.

స్తమాతిస్ దాన్ని పట్టుకుని హాలు మూలకు వెళ్ళాడు. మిగిలిన ఒక్క పలక ముందు కూర్చుని, కింది స్క్రూ ముందు తిప్పాడు. ఇరవై రెండేళ్ళ నాటి స్క్రూ ఇట్టే తిరిగింది. ఎవరో మైనం పూసి మరీ బిగించారు. నాలుగూ తీయగానే పలక పెట్టె మూతలా ఊడి చేతికొచ్చింది.

దాని వెనక, కంబళి గుడ్డ చాటున, దానిమ్మ కొమ్మమీద రెండు కౌజుపిట్టలు ఒక్క గీతైనా పడకుండా కూర్చుని ఉన్నాయి.

పలక తిప్పి చూశాడు. చేసిన పని వెనక పెన్సిల్‌తో సంతకం పెట్టడం పెరామా వడ్రంగులకు అలవాటే. ఇక్కడ సంతకాల పైన నాలుగు మాటలు కూడా ఉన్నాయి.

"పగలగొట్టమన్నారు. చేతులు రాలేదు, కప్పేశాం. తెలిస్తే నలుగురి కూడూ పోతుందని ఒట్టు పెట్టుకున్నాం. విప్పే రోజున మాలో మిగిలినవాడు నా స్క్రూడ్రైవర్ పట్టుకుని వస్తాడు. అతను వచ్చేదాకా గోడ ముట్టుకోవద్దు."

కింద నాలుగు సంతకాలున్నాయి. మొదటిది ఆ మాటలు రాసిన చేతిదే, తన తండ్రిది.