ఇంట్లో పిలిచే పేరు

“నా కాయితం ఏదీ తమ్ముడూ?” సూర్యావతి గుమ్మంలోనే నిలబడి అడిగింది.

బర్మాలో, పజుండౌంగ్ పేటలో కార్మికుల సహాయ కేంద్రాన్ని ఖాళీ చేస్తున్న భాస్కర్ తలెత్తలేదు. “అమెరికా గవర్నమెంటు డబ్బు ఆపీసింది కదక్కా. ఫైళ్ళూ కంప్యూటర్లూ ఎవులో వచ్చి అట్టుకెల్లిపోనారు.”

“ఎవులు?”

“అడిగితే సెప్పినోడు లేడు. అమెరికాకి ఉత్తరం రాసినాను. జవాబు లేదు.”

“ఫేక్టరీలో మరుగుదొడ్డికి తాళమేసి, బతిమాలితేగాని తియ్యటంలేదని నాను సెప్పిందంతా అందులో ఉంది. బయటికి పొక్కదన్నావు.”

“బయపడకక్కా. నీ కార్డులో ఉన్నది బర్మా పేరు. ఫేక్టరీలోనూ ఆ పేరుతోనే నిన్ను తీడా అంటారు. అందుకే కాయితంలో మీ ఇంట్లో పిలిసే పేరు రాసినాను. సూర్యావతి ఎవులో ఆళ్ళకేటి తెలుస్తాది? నువ్వు ఎవులికీ సెప్పలేదు కదా?”

“నీకు తప్ప ఎవులికీ సెప్పలేదు.”

భాస్కర్ అట్టపెట్టెకి టేపు అంటిస్తున్నాడు. ఆ చేతులకేసి ఆమె చాలాసేపు చూసింది.

“ఇయ్యాల పొద్దున్న సూపర్‌వైజరు నన్ను పిలిసేడు.”

“ఏటన్నాడు?”

“‘సూర్యావతీ, తాళంచెవి కావాలా?’ అన్నాడు.”