బావ షిఫ్టులో

"నా షిఫ్టులో నువ్వు ప్లాంటుకి రాకే. నువ్వుంటే నా చూపు మీటర్ల మీద నిలవదు," అంటున్నాడు బావ ఈమధ్య. పెళ్లయి ఇన్నేళ్లయినా మొగుడికి ఇంత మోజా అని మురిసిపోయి, తన షిఫ్టున్న రోజుల్లో ఇంట్లోనే పని చేసుకుంటున్నాను.

రసాయనాలు ఉడికే రియాక్టర్ రీడింగులన్నీ కంప్యూటర్ మోడల్‌కిచ్చి, రియాక్టర్ నడక దానికి నేర్పడం నా పని. నేర్చుకున్నది ప్రకృతి నియమాలకు నిలుస్తుందా అని తర్కంతో పరీక్షిస్తాను. ఇవాళ మొదటి నియమం దగ్గరే బోల్తా పడింది. రియాక్టర్‌ని కాచే ఆవిరి పెంచితే లోపల వేడి తగ్గుతుందట!

"నీ మోడల్‌కి మతి పోయిందే. ఆ రీడింగులు తీసి పారెయ్," అని ఫోన్లో నవ్వాడు బావ.

తీసేద్దామనే వెతికాను. తేడా రీడింగులన్నీ బావ షిఫ్టులోవే.

చెప్పకుండా ప్లాంటుకి వెళ్లాను. రియాక్టర్ లోపల వేడి చూడాల్సిన సెన్సార్ బయట, చన్నీళ్ల గొట్టానికి గుడ్డపీలికతో కట్టేసి ఉంది. ఆవిరి పెంచినప్పుడల్లా, పైకి లేచే పొగల్ని చల్లార్చడానికి ఆ గొట్టంలో చన్నీళ్లూ పెరుగుతాయి. మోడల్ పాపం, చూసిందే చెప్పింది.

బావ పరుగెత్తుకొచ్చాడు. "ఊరికే అలారం మోగి బ్యాచ్ ఆగిపోతోందని కట్టానే. ఏం కాదులే!" అంటూనే నా చెయ్యి పట్టుకుని గుమ్మంవైపు లాగాడు. "ముందు నువ్వు బయటికి నడు."

గోడకవతల షిఫ్టు వాళ్లంతా నవ్వుకుంటూ భోజనాలు చేస్తున్నారు. బావ వాళ్లలో ఒక్కరినీ బయటికి పిలవలేదు.

"ఏమీ కాకపోతే నన్నెందుకు లాగుతున్నావు బావా?"

చెయ్యి విడిపించుకుని, అందర్నీ బయటికి రప్పించే ప్రమాద అలారం నేనే నొక్కాను.