పద్నాలుగో నిబంధన

ఆదివారం పదకొండు గంటలకి, పట్టపగలు, పదిమంది తిరుగుతున్న చోట, సత్యం రాజుగారి కిరీటం దొంగిలించాడు.

గోడ దూకడాలూ తాళాలు పగలగొట్టడాలూ ఏమీ లేవు. పటమటలోని దుర్గ వీరుల సమితి ఆఫీసులో బీరువా తెరిచి, కిరీటాన్ని తువ్వాలులో చుట్టి, చేతిసంచిలో పడేసుకుని, ముందు గుమ్మంలోంచే బయటికొచ్చాడు. సేనాపతి వేషం వేసే జయపాల్ ఎదురొచ్చి, ఆటో ఆపి, సంచి అందుకుని మరీ ఎక్కించాడు.

"బరువుగా ఉందేంటండీ?"

"కిరీటం. ఎత్తుకెళ్తున్నా."

జయపాల్ పగలబడి నవ్వాడు. ఆటో బెంజ్ సర్కిల్ దాటేదాకా సత్యం వెనక్కి చూస్తూనే ఉన్నాడు, ఎవరైనా వెంటపడతారేమోనని. ఎవరూ రాలేదు. మంచిపేరుతో వచ్చే చిక్కే ఇది.

ఆ పేరు ఊరికే రాలేదు మరి. ఆరొందల ఏళ్ల నాటి కోట ముట్టడిని ఏటా కొండపల్లి దగ్గర మైదానంలో ఆడి చూపించడం సమితి పని. అందులో సత్యం ఏ వేషమూ వెయ్యడు. మంగళగిరి మగ్గాల దగ్గర మిగిలిన గుడ్డలు తెచ్చి, దూది కూరి, సైనికులకి కవచాలు కుడతాడు. ఇనప తీగ చుట్టలు చుట్టి గొలుసు చొక్కాలు అల్లుతాడు. ఎవరికీ గాయం కాకుండా కత్తుల అంచులు అరగదీస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా, ప్రతి ఆదివారం, ఉచితంగా. అందుకు సమితి కూడా ఏ లోటూ చెయ్యలేదు. ఏడాదికో శాలువా కప్పింది.

మానేస్తే పోదా అంటే, కుదరదు. సమితి పెట్టిన రోజున అందరూ కత్తి మీద చెయ్యేసి ప్రమాణం చేశారు. దాన్నే పద్నాలుగో నిబంధనగా రాసుకున్నారు: 'కోట వదిలే దారులు రెండే. ప్రాణం పోవాలి, లేదా ద్రోహం చెయ్యాలి.' ఆ వాక్యం రాసింది సత్యమే. అప్పటికి వయసు ముప్పై. ఆ వయసులో మనిషి ఇంతకంటే తెలివిగా ఏం రాస్తాడు?

అందరితోపాటు ప్రమాణం చేసిన ఎలీషా మొదటి దారిన వెళ్లిపోయి మూడేళ్లయింది. పెట్టెలో డాలు కూడా పెట్టి గౌరవంగా సాగనంపారు. సత్యానికి అంత తొందర లేదు. పోనీ ఆ నిబంధన తీసెయ్యమని అడుగుదామంటే, అందరూ ప్రాణం పెట్టి పనిచేసే చోట తనొక్కడే అలసిపోయానని చెప్పడానికి సిగ్గేసింది.

అలసిపోయిన మాట మాత్రం నిజం. పోయిన నెల భార్య శివపార్వతి అంది, "ఒక్క ఆదివారం నాకివ్వండి. మంగినపూడి వెళ్లి సముద్రం చూసొద్దాం. ఈ మోకాళ్లు పూర్తిగా పోయాక ఇసకలో నడవలేను కదా." ఆవిడ కోప్పడి ఉంటే సత్యం ఎప్పట్లాగే తప్పించుకునేవాడు. కోప్పడలేదు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

కాబట్టి ద్రోహం. దొరకాలి, వెలెయ్యాలి, సముద్రానికి వెళ్లాలి. అంతే.

మంగళవారానికి కిరీటం పోయిందని తెలిసింది. అత్యవసర సమావేశం పెట్టారు. సత్యం ముందు వరసలో, మొహం వీలైనంత దొంగలా పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ అటు చూడలేదు.

"ఆదివారం బీరువా తాళాలు నా దగ్గరే ఉన్నాయి," అన్నాడు.

"అందుకే బీరువా అయినా మిగిలింది," అంది రాజ్యలక్ష్మి. ఆవిడ ఆటలో మహారాణి, సమితికి అధ్యక్షురాలు.

"సంచిలో కిరీటం ఉందని జయపాల్‌కి చెప్పాను కూడా."

"చెప్పారండీ," అన్నాడు జయపాల్. "దొంగ అయితే చెప్పి తీసుకెళ్తాడా?"

అందరూ తలలూపారు. ఇంత నిజాయితీపరుడు ఇంకెవరున్నారని, విచారణ బాధ్యత సత్యానికే అప్పగించారు. ఇంకో శాలువా కప్పారు.

సత్యం నాలుగు రోజులు విచారణ జరిపాడు. అంటే ఇంట్లో కూర్చుని, మంచం కింద కిరీటం భద్రంగా ఉందో లేదో చూసుకున్నాడు. మరుసటి ఆదివారం సమావేశంలో లేచి నిలబడి రిపోర్టు చదివాడు.

"కిరీటం తీసింది నేనే. ఇది ద్రోహం. పద్నాలుగో నిబంధన ప్రకారం నన్ను సమితి నుంచి వెలెయ్యాలి."

రాజ్యలక్ష్మి లేచింది.

"అబద్ధం. తీసింది నేను."

"మేడం మాట నమ్మకండి," అన్నాడు జయపాల్. "తీసింది నేను."

సైనికులకి మేకప్ వేసే స్టెల్లా లేచి, ప్రభువుని క్షమించమని గొణుక్కుని, "నేనండీ," అంది.

సత్యానికి ముప్పై ఒక్క ఏళ్ల సేవకి ప్రతిఫలం ఇప్పుడు, ఇక్కడ దొరికింది. తన పరువు కాపాడ్డానికి ముగ్గురు దొంగతనం నెత్తినేసుకుంటున్నారు. ఇలాంటివాళ్లనా తను వదిలించుకోవాలని చూసింది? కుర్చీ కింది సంచిలోంచి కిరీటం తీసి బల్ల మీద పెట్టాడు.

"నా బుద్ధి గడ్డి తింది. మీ అభిమానం ఇంతని తెలియక ఈ పని చేశాను. క్షమించండి. ఇక పోయేదాకా సమితిలోనే ఉంటాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జయపాల్ తల పట్టుకుని కూలబడ్డాడు. స్టెల్లా కళ్లు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

రాజ్యలక్ష్మి కిరీటాన్ని మెల్లగా సత్యం వైపు తోసింది.

"ఇది మళ్లీ సంచిలో పెట్టేసి, రిపోర్టులో నా పేరు రాసెయ్యండి సత్యం గారూ, ఆదివారం మా ఇంట్లో అన్నం తిని ముప్పై ఒక్క ఏళ్లయింది."