ఇంకో నాలుగు అంకెలు

“ఇటు జరుగు. నీ నీడ నా మీద పడుతోంది” అన్నాడు ఫొటో స్టూడియో ఆయన.

మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి, అప్పుడే కుర్చీలో కూలబడింది ఆయన భార్య. ఉసూరుమంటూ పిట్టగోడ ఆసరాతో మళ్లీ లేచి, కుర్చీని ఎదురెండలోకి లాక్కుంది.

“చేతులు మాడిపోతున్నాయండీ” అంటూ తువ్వాలు కప్పుకోబోతే, ఆయన చటుక్కున లాక్కుని తన నెత్తిన వేసుకున్నాడు.

“మీరు ముసుగేసుకు కూర్చుంటే ఎండెలా అందుతుంది?”

“కాళ్లకి తగులుతోందిగా. ఎముకలన్నీ ఒకే ఇంట్లోవి, అవే పంచుకుంటాయిలే.”

ఈ మనిషితో వాదించి గెలిచినవాళ్లు లేరు. మూడు నెలలుగా, రోజూ పదకొండింటికి, మేడ మీద ఇదే తంతు.

అంతా ఆ రక్తపరీక్షతో మొదలైంది. ఓసారి చూపించుకుందామని ఇద్దరూ కలిసే వెళ్లారు. సూదంటే ఆయనకు చచ్చే భయం. “ముందు నీకు గుచ్చితే నాకు ధైర్యం వస్తుంది” అని ఆవిడ చేయి ముందుకు తోశాడు, అరవై దాటిన మనిషి! మర్నాడు రిపోర్టుల కోసం ఒక్కడే వెళ్లి, ముఖం వేలాడేసుకుని వచ్చాడు. డి విటమిన్ ముప్ఫై ఉండాలట, తొమ్మిదే ఉందట. ఇలాగే వదిలేస్తే కాలు జారితే చాలు, ఎముక పుటుక్కుమంటుందన్నాడట డాక్టరు. రోజూ అరగంట ఎండ, వారానికోసారి పాలలో మందు పొడి.

“ముప్ఫై ఏళ్లు ఆ చీకటిగదిలో మగ్గితే రాదూ మరి!” అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. “నాదెలా ఉందిట?”

“నీకేమే, దుక్కలా ఉన్నావు. నువ్వు తోడొస్తేనే నేను మేడెక్కేది.”

రానని ఎలా అంటుంది? ఆవిడకు నీరసమని ఆమధ్య ఇచ్చిన మాత్రలు డబ్బాలోనే గడువు దాటిపోయాయి. అదే ఆయన మందయితే, గడియారమైనా తప్పుతుందేమో గానీ ఆవిడ తప్పదు.

“ఊఁ, లెక్కపెట్టు” అన్నాడాయన కాళ్లు చాపుకుని.

“ఒకటీ, రెండూ, మూడూ…”

ఈ లెక్క వాళ్లకు కొత్త కాదు. స్టూడియో వెనకగదిలో కిటికీకి అట్టలు, తలుపుకి నల్లపరదా, మూలన ఒక ఎర్రబల్బు. పైనున్న యంత్రం నెగటివ్‌లోంచి కాగితం మీదికి వెలుతురు వదిలేది. ఎన్ని సెకన్లయిందో ఆవిడ పైకి లెక్కపెడుతుంటే, ఆయన చేతులు రెండూ ఆ వెలుతురులో ఆడేవి. నల్లబడిపోయే ముఖానికి అరచేయి అడ్డుపెట్టేవాడు. పాలిపోయే ముఖం వచ్చిందా, మిగతాదంతా మూసేసి, “ఇంకో నాలుగు అంకెలు” అనేవాడు. ఆ నాలుగు అంకెలకే ముఖానికి ప్రాణం వచ్చేది. మందునీళ్లలో ఆ ముఖం మెల్లగా తేలడం ఆవిడ ఎన్ని వేలసార్లు చూసిందో! ఒక్కసారీ విసుగనిపించలేదు.

ఎండెక్కేసరికి ఆయన సైకిలేసుకుని స్కూళ్లలో గ్రూపు ఫొటోలు తీయడానికి పోయేవాడు. నెత్తిన టోపీ అయినా ఉండేది కాదు. సాయంత్రానికి కాకిలా నల్లబడి తిరిగొచ్చేవాడు. ఆవిడ లోపలే ఉండి ఫొటోలు కడిగి, తీగ మీద ఆరేసి, అంచులు కత్తిరించేది. స్టూడియో మూతపడ్డాక కూడా ఎవరైనా అడిగితే, “పనంతా ఆయనదే. నేను అంకెలు లెక్కపెట్టానంతే” అనేది.

“పదకొండు దగ్గర ఆగిపోయావేం?”

“ఆ రోజు గుర్తొచ్చింది.”

ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు. పెళ్లయిన కొత్తలో, సరిగ్గా పదకొండు దగ్గర, ఆయన చీకట్లో ఆవిడ చేయి పట్టుకున్నాడు. లెక్క తప్పింది. ఎవరో పెద్దమనిషి ఫొటో బొగ్గులా మాడిపోయింది. ఆ నల్లకాగితాన్ని ఆయన పసుపు కవరులో పెట్టి ఇప్పటికీ దాచుకున్నాడు. ఆ గదీ, ఆ మందుల వాసనా తలుచుకుంటే ఆవిడకు మళ్లీ ఒక్కరోజు అక్కడ నిలబడి లెక్కపెట్టాలనిపించింది.

వారం వారం పాలు మాత్రం ఆయనే కలుపుతాడు. “కొలత నీకేం తెలుసు? ముప్ఫై ఏళ్లు మందునీళ్లు కలిపిన చెయ్యి ఇది” అని ఆవిడను వంటింట్లోంచి తరిమేసి, రెండు గ్లాసులతో వస్తాడు. నాకెందుకండీ అంటే, “తోడు లేకపోతే నాకు గొంతు దిగదు” అంటాడు. మొన్న మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడూ అదే వరస. ముందు ఆవిడకే సూది.

మేడ దిగి ఆయన రిపోర్టు కోసం వెళ్లాడు. సాయంత్రం వీధిలోంచే ఆయన కేక వినిపించింది.

“ముప్ఫై రెండు! ఏమేవ్, ముప్ఫై రెండు!”

ఆవిడ గోడ కూడా పట్టుకోకుండా లేచి గుమ్మంలోకి పరుగెత్తింది. ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేసింది. “మీకేమన్నా అయితే నేనేమైపోవాలండీ? మూడు నెలలుగా కంటిమీద కునుకు లేదు నాకు.”

“పిచ్చిదానా, ఇంకేం భయం లేదు. ఉండు, ఇవాళ పాలలో చక్కెర దండిగా వేస్తాను.” చేతిలోని రిపోర్టును అలమారలోని ఆ పసుపు కవరులో దోపి, ఆయన వంటింట్లోకి వెళ్లాడు.

ఆవిడకు ఆ నల్లకాగితాన్ని ఒక్కసారి చూడాలనిపించింది. కళ్లజోడు పెట్టుకుని కవరు తెరిచింది. కాగితంతో పాటు రెండు రిపోర్టులూ జారి ఒళ్లో పడ్డాయి. ఒకదాంట్లో తొమ్మిది, ఇంకోదాంట్లో ముప్ఫై రెండు.

రెండింటి మీదా ఉన్నది ఆవిడ పేరే.