బెల్టుగాడు

“అయస్కాంతమే కదన్నయ్యా! అల్లుణ్ని ఎంచినట్టు ఎంచుతున్నారేంటి?” అంది పెంపుడు చేపలమ్మే షాపావిడ నవ్వుతూ.

అల్లుడన్న మాట అతనికి చురుక్కున తగిలింది. ఇంకో అయస్కాంతం తీసి వెలుతురుకు పట్టి చూశాడు. అంచంతా గోటితో గీరాడు.

“ఉప్పునీళ్ల తొట్టికమ్మా. లోపల పంపు నిలబెట్టాలి. తుప్పు పట్టకూడదు.”

“అలా చెప్పండి మరి!” ఆవిడ అతని చేతిలోది లాగేసుకుంది. “ఇది మంచినీళ్లకు. పూత పల్చన. ఉప్పునీళ్లకైతే ఇదిగో, చుట్టూ మందంగా ప్లాస్టిక్‌లో పోతపోసింది. లోపలి లోహం కంటికి కనబడనే కూడదు. అప్పుడప్పుడూ తీసి చూసుకోండి. చిన్న పగులు కనబడినా, ఎర్రటి మరక కనబడినా మొహమాటం లేదు, పారేయాల్సిందే. ఇంతకుముందు ఏం వాడారు?”

అతను తల దించుకున్నాడు.

అతను లిఫ్టు మెకానిక్. పాత లిఫ్టులోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి ఇంట్లో పడి ఉంటే, దానికి పెయింటు వేసి తొట్టిలో బిగించాడు. పది అంతస్తుల లిఫ్టులో పనిచేసింది, జానెడు నీళ్లలో పనిచేయదా అని భార్య దగ్గర గొప్పలు కూడా పోయాడు. ఉప్పునీళ్లు ముందు పెయింటును తిన్నాయి. తరవాత అయస్కాంతాన్ని తిన్నాయి. ఇవాళ పొద్దున లేచి చూస్తే పంపు వెనక తుప్పు కారి ఉంది. బెల్టుగాడు వెల్లకిలా తేలుతున్నాడు.

బెల్టుగాడంటే వేలెడంత నారింజరంగు చేప. ఒంటి మీద తెల్లచారలు. నడుం దగ్గరి చార మాత్రం సగంలో తెగిపోయి ఉంటుంది. “వీడు బెల్టు సగమే పెట్టుకుని బడికెళ్తున్నాడు నాన్నా!” అని పడీ పడీ నవ్వి కూతురు పెట్టిన పేరది. ఏడేళ్ల పిల్ల. ఆ ఏడాదే జ్వరం వచ్చి, చూస్తుండగానే చేతుల్లోంచి జారిపోయింది. దాని బట్టలు, బొమ్మలు భార్య ఎవరెవరికో ఇచ్చేసింది. బెల్టుగాడిని మాత్రం ఇవ్వలేదు. పిల్ల వదిలివెళ్లిన వాటిలో ఊపిరున్నది అదొక్కటే కదండీ అంది.

దాన్ని కూడా అతను చేజేతులా చంపుకున్నాడు. పిల్ల పోయిన రోజు ఎలా ఏడ్చాడో, పొద్దున ఆ చేపను అరచేతిలో పెట్టుకుని అలాగే ఏడ్చాడు.

భార్య బేకరీలో పనికి చీకటితోనే వెళ్లిపోయింది. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది. ఆమెకు ఏ మొహంతో చెప్పాలి? ఇప్పుడిప్పుడే తేరుకుంటున్న మనిషి. ఒకప్పుడు గంటల తరబడి తొట్టి ముందే కూర్చుని చేపతో కబుర్లాడేది. పోయినేడాది నుంచి మేత వేసి లేచిపోతోంది. పోనీలే, దుఃఖం కాస్త తగ్గుతున్నట్టుందని అతను లోలోపల సంతోషించాడు. ఇప్పుడీ మాట చెబితే మళ్లీ మంచం పడుతుంది.

“అమ్మా,” అన్నాడు. “నారింజరంగు చేప... నడుం చార తెగింది ఏమైనా ఉందా?”

“అందరూ నిండు చారలవే అడుగుతారు. వంకున్నది మీకెందుకు?” అంటూనే ఆవిడ మూలనున్న తొట్టి వైపు నడిచింది.

ఉంది. అచ్చం అదే. అతను చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఆవిడ ఇక వేళాకోళం ఆడలేదు.

ఇంటికొచ్చి, పొద్దున మార్చిన నీళ్లలో ఉప్పు సరిచూశాడు. కొత్త అయస్కాంతాల జతలో ఒకటి అద్దానికి లోపల, ఒకటి బయట పెట్టి పంపు నిలబెట్టాడు. సంచిలోకి తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ అలవాటు చేసి, చేపను వదిలాడు. అది రెండు చుట్లు తిరిగి రాళ్ల వెనక దాక్కుంది. కాసేపటికి తల బయటపెట్టింది.

భార్య వచ్చింది. చేతులు కడుక్కుని, మేత డబ్బాతో తొట్టి మీదికి వంగింది. మూత తీయబోయిన చెయ్యి ఆగిపోయింది.

“కొత్త అయస్కాంతం పెట్టాను,” అన్నాడు గబగబా. “పాతది తుప్పు పట్టిందిలే. బెల్టుగాడు... బానే ఉన్నాడు.”

ఆమె చేపను చాలాసేపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. వచ్చి అతని పక్కన కూర్చుని, ఉప్పుకు పగిలిన అతని చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

మెల్లగా అంది: “మీకు ఒక్క పూటలోనే దొరికింది కానీ, పోయినేడు మీరు పని మీద ఊరెళ్లినప్పుడు ఇలాంటిది వెతికి తేవడానికి నాకు వారం పట్టిందండీ.”